తాడు అందినంత మేర

ఆ వేసవి గడ్డి మైదానంలో మేముండే ఉన్ని గుడారానికి నలభై అడుగుల దూరంలో ఇంకో గుడారం లేచింది. అది లారీలో వచ్చింది. చిన్న చిన్న కుర్చీలు, రంగు చాపలు, ఒక పెట్టె నిండా చెక్క బొమ్మలు వచ్చాయి, వాటి మధ్య ఇరుక్కుని ఉంద్రాం అనే టీచరూ వచ్చింది. ఆమెకి పాతికేళ్ళుంటాయి. మొహమంతా దుమ్ము. దిగగానే మా గుమ్మానికి పది అడుగుల ఇవతల నిలబడి, "కుక్కని పట్టుకోండి!" అని కేకేసింది. మా వైపు ఏ ఇంటికి ఎవరొచ్చినా మొదట అనే మాట అదే. మా కుక్క లారీ నీడలో పడుకుని తోక కూడా కదపలేదు.

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి ఇరవై ఒక్క రోజుల బడి అని చెప్పింది. గుర్రం మీద గంటలోపు వచ్చేంత దూరంలో పదకొండు మంది పిల్లలున్నారట, లెక్క రాసుకుని వచ్చింది. మా ఆయన గొంబో, ఏటి అవతలి మగవాళ్ళు ఇద్దరు కలిసి మధ్యాహ్నం లోపల గుడారం నిలబెట్టేశారు. అప్పుడామె మా ఇంట్లో కూర్చుని రెండో గిన్నె టీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టింది. వంట చేయడానికి, పిల్లల్ని చూడ్డానికి రావలసిన ఆవిడకి కడుపులో ఆపరేషన్ అయిందట.

"పగ్మా అక్కా, మీరొస్తారా?" అని అడిగింది.

మా ఇంట టీ తాగిన మనిషి అడిగితే కాదనడం మాకు చేతకాదు. సరేనన్నాను. పిల్లల మీద ప్రేమ పొంగి అన్న మాట కాదది. వండి పెట్టడం రోజూ చేసే పనే, ఇంకో పదిమందికి వండితే ఏం పోయింది అనుకున్నాను.

అత్తగారు జపమాల తిప్పుతూనే అందుకుంది. "నువ్వు బడికి పోతే గుర్రాల పాలెవరు పితుకుతారే? బుద్ధుడు దిగొచ్చి పితుకుతాడా?"

"పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు నేనే పితుకుతాను అత్తయ్యా. మధ్యలో రెండుసార్లు..."

"మధ్యలో రెండుసార్లు ఈ ముసలి చేతులే. అలాగే కానీ."

గొంబో లేచాడు. బయటికి వెళ్ళి గుర్రాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి నచ్చని విషయం ఏదైనా ఉంటే గుర్రాల వైపు చూస్తాడు.

మా చిన్నది ఎనెబిష్. ఆ పేరుకి 'ఇది కాదు' అని అర్థం. ముందు బిడ్డ పోతే, తర్వాత పుట్టిన బిడ్డని చావు గుర్తుపట్టకుండా అలాంటి పేరు పెట్టుకుంటాం. పోయిన వాడి గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. వాడికి ఏడాదిన్నర. నేను బయట పాలు పితుకుతున్నాను. లోపల బానలో పాలు కాగుతున్నాయి.

అందుకని ఈసారి తాడు. ఒంటె వెంట్రుకలతో అత్తగారు పేనిన తాడు, మెత్తగా ఉంటుంది. ఎనెబిష్ పాకడం మొదలుపెట్టిన రోజున గొంబో దాన్ని కొలిచాడు. ఒక కొస పిల్ల నడుముకి, ఇంకో కొస మంచం కోడుకి. పిల్ల చెయ్యి బారుగా చాపినా పొయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండేలా కొలిచాడు. మా చుట్టుపక్కల పిల్లలందరూ అలాగే పెరిగారు, నేనూ అలాగే పెరిగాను. పాలు పితికినంతసేపూ కట్టేస్తాం, వచ్చాక విప్పేస్తాం. రోజుకి ఆరుసార్లు.

పొద్దున్నే తొలి టీ, తొలి పాలు మనుషులు ముట్టుకోకముందు ఆకాశానికి చల్లాలి. చెక్క గరిటెతో నాలుగు దిక్కులా చల్లుతూ, ప్రాణులన్నీ కట్లు తెగి సుఖంగా ఉండాలని చెప్పుకుంటాను. మా అమ్మ నేర్పిన మాటలే. ఆ మాటలు చెప్పుకుని లోపలికొచ్చి ఎనెబిష్‌కి తాడు కట్టేదాన్ని. దాదాపు మూడేళ్ళు అలాగే చేశాను. అందులో నాకేమీ తేడా కనిపించలేదు.

*

మొదటి రోజు పదకొండు మందీ వచ్చారు. ఒకడు తాత జీను ముందు కూర్చుని నిద్రపోతూ వచ్చాడు. ఏటి అవతలి దుల్మా తన కూతురి కూతుర్ని తెచ్చింది. ఆ పిల్ల పేరు అనుంగో. రాజధానిలో ఏడో అంతస్తులో పుట్టి పెరిగింది, వేసవికని అమ్మమ్మ దగ్గరికి పంపారు. గొర్రె కనిపిస్తే అమ్మమ్మ వెనక్కి దూరేది.

పిల్లలు కాసేపు ఏడ్చారు, కాసేపు తోసుకున్నారు, తర్వాత చాపల మీద పడి ఆడుకున్నారు. ఎనెబిష్ ఒక్కతే తూర్పు వైపున్న టీచర్ మంచం పక్కన కూర్చుంది. బయట గొర్రెపిల్లల వెంట పడి పరిగెత్తే పిల్ల. కొత్త చోటు కదా, రేపటికి సర్దుకుంటుందిలే అనుకుని నేను పులుసులోకి పిండి కలుపుకుంటున్నాను.

మూడో రోజు ఉంద్రాం టీచర్ నన్ను కేక వేసింది. "అక్కా, ఒకసారి ఇటు చూడండి."

ఎర్ర బంతి ఒకటి ఎనెబిష్ వైపు దొర్లించింది. పిల్ల పట్టుకుంది, నవ్వింది, తిరిగి దొర్లించింది. టీచర్ మళ్ళీ దొర్లించింది, ఈసారి కాస్త పక్కకి. బంతి పిల్లకి నాలుగడుగుల దూరంలో ఆగింది. ఎనెబిష్ లేచింది. రెండడుగులు వేసింది. ఆగింది. చెయ్యి చాపింది. బంతి అందలేదు. వెనక్కెళ్ళి కూర్చుని బంతివైపు చూస్తూ ఉంది, ఎవరైనా తెచ్చిస్తారని.

"మూడు రోజుల నుంచి ఇదే," అంది టీచర్. "ఎప్పుడూ ఆ మంచం పక్కనే కూర్చుంటుంది. లేస్తే రెండడుగులు, అంతే. కాళ్ళు నొప్పా అని అడిగా, కాదంది. ఎందుకు రాదంటారు?"

నాకు తెలుసు. చూడగానే తెలిసిపోయింది. ఎంత దూరంలో ఆగిందో కొలవక్కర్లేదు. పిండి అంటిన చేతులతో నిలబడిపోయాను.

"సిగ్గు," అన్నాను. "చిన్నప్పటి నుంచీ అంతే."

ఆ మాట అనేసి మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళిపోయాను.

*

టీచర్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఐదో రోజు సాయంత్రం పాలు పితికేటప్పుడు ఆమె మా వెంట వచ్చింది. మా గుర్రప్పిల్లల్ని పొద్దంతా నేల మీద బారుగా లాగిన తాడుకి వరసగా కట్టేసి ఉంచుతాం. తల్లులు మేతకి పోయినా పిల్లల కోసం తిరిగి తిరిగి వస్తాయి, అప్పుడు పితుకుతాం. గొంబో పిల్లని తల్లి పొదుగు దగ్గరికి తెచ్చి, రెండు గుక్కలు తాగనిచ్చి పక్కకి లాగాడు. నేను కూర్చుని పితకడం మొదలుపెట్టాను.

"వీటిని ఎందుకు కడతారు?" అని అడిగింది టీచర్. ఊళ్ళో పెరిగిన పిల్ల, తెలియక అడిగిందేమో అనుకున్నాను.

"తల్లి దూరం పోకుండా," అన్నాడు గొంబో.

"మరి ఎనెబిష్‌ని?"

గొంబో నా వైపు చూశాడు. మా గుడారం తలుపు తెరిచే ఉంది. లోపల మంచం పక్కన పిల్ల కనిపిస్తూనే ఉంది, నడుముకి తాడుతో.

"తల్లి దూరం పోవడానికి," అన్నాను.

 పితకడం అయ్యాక టీచర్ మెల్లగా అంది. "అక్కా, ఇంకో రెండున్నరేళ్ళలో దాన్ని బడి హాస్టల్లో దింపుతారు కదా. ఆ గదిలో పన్నెండు మంచాలుంటాయి. నేనూ ఆరేళ్ళప్పుడు అక్కడే ఉన్నాను. అన్నం తెచ్చుకోవాలన్నా మంచం దిగి తనే నడిచి వెళ్ళాలి. ఎవరూ బంతి తెచ్చివ్వరు."

గొంబో బకెట్ అందుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఇంట్లో అన్నాడు, "ఈ టీచరమ్మకి పిల్లలున్నారా?"

"లేరు."

"పొయ్యి ఉందా?"

"ఊళ్ళో కరెంటు పొయ్యి ఉందట."

"అదీ సంగతి," అన్నాడు.

అత్తగారు మూలనుంచి, "పిల్లలు లేని వాళ్ళకే పిల్లల పెంపకం బాగా తెలుస్తుందిరా," అని ముక్కు చీదింది.

*

ఆ మొదటి పదిరోజుల్లో నాకేదో జరిగింది. ఏం జరిగిందో చెప్పమంటే సరిగ్గా చెప్పలేను. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని. పిల్లలు మన పనికి అడ్డు రాకుండా, నిప్పులో నీళ్ళలో పడకుండా చూసుకుంటే పెంపకం అయిపోయినట్టే అనుకున్నదాన్ని. ఇక్కడేమో టీచర్ పని మానేసి పిల్లల ముందు కూర్చునేది. ఒకడు నది నుంచి తెచ్చిన రాళ్ళని గొర్రెలంటూ వరసగా పేర్చి, వాటిలో ఒక్క రాయిని మాత్రం పక్కన పెడితే, నేనైతే ఆ రాళ్ళు బయట పారేసి చెయ్యి కడుక్కోమనేదాన్ని. ఆమె అడిగింది, "ఇదెందుకు పక్కన పెట్టావు?"

"దానికి కాలు విరిగింది," అన్నాడు వాడు. "అందుకే మందతో పోకుండా ఇంట్లో పడుకుంటుంది."

వాడి నాన్న పోయిన చలికాలంలో గుర్రం మీంచి పడి, కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. వాడికి తెలుసని మాత్రం నాకు తెలియదు. నాలుగేళ్ళ వాడికి లోపల అంత ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ సాయంత్రం పితకడంలో చెయ్యి తప్పి సగం పాలు నేలపాలు చేశాను. గుర్రం చిరాకుపడి కాలు విసిరింది.

"ఎక్కడున్నావే?" అన్నాడు గొంబో.

"ఆ పిల్లాడి గురించి ఆలోచిస్తున్నా."

"పిల్లలు పదకొండు, గుర్రాలు పదిహేడు. నువ్వొక్కత్తివి." నవ్వుతూనే అన్నాడు గానీ అందులో నవ్వు తక్కువుంది. నిజంగానే పాలు తగ్గుతున్నాయి. అత్తగారి చేతులు వాచాయి. అయినా పొద్దున లేవగానే నా కాళ్ళు ఆ గుడారం వైపే పోయేవి. ఎనెబిష్ మాత్రం ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. ఇరవై ఒక్క రోజుల్లో సగం అయిపోయాయి.

*

పద్నాలుగో రోజు ఒక పిల్లాడికి జ్వరం వచ్చింది. వాళ్ళ గుడారం కొండ అవతల. ఎప్పుడూ పిల్లల దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళుండాలని టీచర్ రూలు. కానీ ఆరోజు గొంబో మిగతా గుర్రాల మందతో దూరం వెళ్ళాడు, అత్తగారు మధ్యాహ్నం పాలు పితకడంలో ఉంది, ఫోను అందడం లేదు. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది. మా మోటారుసైకిల్ మీద వాణ్ణి ఎక్కించుకుని, "గంటలో వచ్చేస్తా అక్కా," అని ఆమె బయల్దేరింది.

అరగంటకి వాయవ్యం నల్లబడింది. గాలి ఎలా వచ్చిందంటే, ముందు మా కుక్క అరుపు వినిపించింది, తర్వాత ఆ అరుపు కూడా వినిపించలేదు. వడగళ్ళు. ఉన్ని కప్పు మీద రాళ్ళ వాన. గుడారం ఒకసారి నేల వదిలి లేచి మళ్ళీ కూలబడింది. అలాంటప్పుడు చేయాల్సింది మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కప్పు నడినెత్తి చట్రం నుంచి లోపలికి ఒక మోకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒంటి బరువంతా వేసి వేలాడాలి. లేకపోతే గుడారం ఎగిరిపోతుంది. గుడారం ఎగిరితే, మధ్యలో పొయ్యి, పొయ్యి మీద కుతకుతా ఉడికే పులుసు, చుట్టూ పది మంది పిల్లలు.

వాళ్ళలో కాస్త పెద్ద పిల్లలు ఏడుగురిని గోడకి ఆనించి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమన్నాను. చిన్నవాళ్ళు ముగ్గురున్నారు, ఎనెబిష్, అనుంగో, ఇంకో పిల్లాడు. ఎనెబిష్ లేచి నిలబడింది, మిగతా ఇద్దరూ ఏడుస్తూ నా వైపుకి, అంటే పొయ్యి వైపుకి వస్తున్నారు. ఆలోచించలేదు. ముగ్గురి నడికట్లూ విప్పి, ఆ నడికట్లతోనే ముగ్గురినీ గోడలోని కర్రల అల్లికకి కట్టేశాను. కట్టి, మోకు పట్టుకుని వేలాడాను.

ఎంతసేపో తెలియదు. ఇరవై నిమిషాలంటారు తర్వాత. మోకు వదలడానికి లేదు, కళ్ళు మాత్రం నావే కదా, చూస్తూనే ఉన్నాను.

అనుంగో పెనుగులాడింది. పుట్టాక ఆ పిల్లని ఎవరూ ఎప్పుడూ కట్టలేదు. నడికట్టు నడుములోకి దిగేలా లాగింది, ముందుకి పడింది, లేచింది, మళ్ళీ లాగింది. పాంటు తడిసిపోయింది. నోరు తెరిచే ఉంది గానీ కాసేపయ్యాక అరుపు రావడం ఆగిపోయింది. "బంగారూ, ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా," అని నేను అరుస్తున్నాను. ఆ గాలిలో నా మాట నాకే వినపడలేదు.

ఆ పిల్ల పక్కన ఎనెబిష్. వెనక్కి ఆనుకుని కాళ్ళు బారుగా చాపుకుని కూర్చుంది. గొర్రె తన పిల్లని దగ్గరికి రానివ్వనప్పుడు మేము పాడే పాట ఒకటుంది, "తొయ్గ్, తొయ్గ్" అని. దాని పెదవులు ఆ పాటకి కదులుతున్నాయి. ఆ గుడారంలో అడుగుపెట్టిన పద్నాలుగు రోజుల్లో దాని మొహం అంత నెమ్మదిగా ఉండటం నేను అప్పుడే చూశాను.

గాలి తగ్గాక టీచర్ నిలువునా తడిసి వచ్చింది. గుమ్మంలో ఆగి ఒకసారి అందర్నీ చూసింది.  నేరుగా వెళ్ళి అనుంగో ముందు నేల మీద కూర్చుంది. చెయ్యి వెయ్యలేదు.

"నీ నడికట్టు విప్పనా?" అని అడిగింది.

అనుంగో తలూపాక విప్పింది. రెండో పిల్లాణ్ణీ అలాగే అడిగి విప్పింది. తర్వాత ఎనెబిష్ వైపు తిరిగింది.

"నీది విప్పనా?"

ఎనెబిష్ వద్దని తలూపింది.

టీచర్ తలెత్తి నా వైపు చూసింది. నేను మోకు ఇంకా వదల్లేదు. వదలాలని కూడా గుర్తులేదు.

*

సాయంత్రం మనవరాలి కోసం వచ్చిన దుల్మాకి జరిగినదంతా నేనే చెప్పాను. ఆవిడ నవ్వేసింది.

"దీనికి ఆ ఏడుపు మొహమేంటే? నేను ఎనిమిదిమందిని కట్టి పెంచాను. అందులో ఒకడు పోలీసయ్యాడు, ఇప్పుడు వాడు జనాన్ని కడుతున్నాడు! పిల్ల బతికుంది, నాకది చాలు."

కానీ ఎత్తుకోబోతే అనుంగో మూలిగింది. చొక్కా పైకెత్తి చూస్తే నడుం చుట్టూ ఎర్రగా వాత. దుల్మా నవ్వు ఆగింది. "నడికట్టు గట్టిదిలే," అని తనే సర్దిచెప్పుకుంది. నాలుగు రోజులు పిల్లని పంపలేదు.

వాళ్ళందరూ వెళ్ళాక ఉంద్రాం టీచర్ రోజువారీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది రాయాలి అక్కా. ఆఫీసుకి పంపాలి. మీ చేత్తోనే రాయండి, మీకు తెలిసినట్టే రాయండి."

"ఇక నన్ను రానివ్వరా?"

"తెలియదు." కలం నా చేతికిచ్చి అంది, "నేను మిమ్మల్ని ఒక్కర్నే వదిలి వెళ్ళకూడదు. అది నేను రాస్తాను."

ఇరవై ఏళ్ళ తర్వాత కలం పట్టాను. గాలి వచ్చింది అని రాశాను. ముగ్గురిని కట్టాను. ఒక బిడ్డ నడుం కమిలింది. ఆ తర్వాత, మా అమ్మాయికి ఏమీ కాలేదు అని రాశాను. రాసి, చాలాసేపు దానివైపే చూసి, కొట్టేశాను.

పొద్దున పాలు చల్లడానికి బయటికి వచ్చాను. చెయ్యి చల్లుతూనే ఉంది. 'కట్లు తెగి' అనే చోట నాలుక ఆగిపోయింది. అమ్మ ఈ మాటలు ఎవరి కోసం నేర్పింది? ఆకాశానికా, నాకా? దేవుడి మాట మీద నాకు అనుమానం లేదు. నా నోట్లోంచి వస్తే మాత్రం అది ఎవరికి చేరుతోందో తెలియలేదు.

ఆరోజు నుంచి ఇంట్లో తాడు కట్టడం మానేశాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. పితకడానికి లేచేసరికి, ఎనెబిష్ తాడు కొస రెండు చేతులా పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, కట్టవూ?"

"వద్దమ్మా. ఈరోజు నాతో రా."

"కట్టు," అంది. ఏడుపు మొదలుపెట్టింది. చంకనేసుకుని వెళ్ళాను. గుర్రాలు పిల్ల ఏడుపుకి బెదిరాయి. రెండు గుర్రాలు పాలు బిగబట్టేశాయి.

అత్తగారు తాడు చేతిలోకి తీసుకుని మడతపెట్టింది. "అది అడిగిందే కట్టమని. నీకంటే దానికే బుద్ధుంది."

మూడోనాడు గొంబో బకెట్ నేలకి కొట్టాడు. ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. "ఆ తాడు నేను కొలిచాను పగ్మా. పొయ్యికి జానెడు ఇవతల ఆగేలా, నా చేత్తో. వాడు పోయాక. అది తప్పా?"

"తప్పు కాదు. ఇది బతికుంది."

"మరి?"

నేను బకెట్ ఎత్తి నిలబెట్టాను.  ఆయన జీను వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి గాని రాలేదు. వచ్చేటప్పుడు జీనుకి కట్టి, పాడైపోయిన బండి తాలూకు ఇనప ఊచలు తెచ్చాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా వాటిని వంచి, తీగలతో బిగించి, పొయ్యి చుట్టూ నడుమెత్తు కంచె కట్టాడు. పట్టుకుని ఊపి చూశాడు. మళ్ళీ ఊపాడు.

అత్తగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "పిల్లని విప్పి పొయ్యిని కట్టేశాడు నా కొడుకు," అంది. "రేపట్నుంచి మనం ఇందులోకి చెయ్యి ఎలా పెట్టి వండాలో అది కూడా చెప్పు నాయనా." కానీ మడతపెట్టిన తాడు ఆవిడే పెట్టె అడుగుకి తోసింది.

*

పద్దెనిమిదో రోజున ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఫోను అందడానికి కొండెక్కిన ఉంద్రాం టీచర్ దిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెకి గట్టిగా చివాట్లు పడ్డాయని నాకు తెలుస్తూనే ఉంది. నా గురించి మాత్రం ఒక్క ముక్కే చెప్పారట. వంటకి ఉండొచ్చు, పిల్లలతో ఒంటరిగా ఎప్పుడూ ఉంచకూడదు.

"సరిగ్గానే చెప్పారు," అన్నాను.

అనుంగో మళ్ళీ వచ్చింది గానీ నేనున్న వైపుకి రాలేదు. నా చేతి నుంచి గిన్నె అందుకోలేదు. టీచర్ ఇస్తేనే తాగింది. చివరి రోజు దాకా అంతే. ఆ పిల్లకి నేను ఇచ్చింది ఆ భయమొక్కటే, ఇక దాన్ని వెనక్కి తీసుకోలేను. వెళ్ళేటప్పుడు నేను గుడారం వెనకకి తప్పుకున్నాను, భయం లేకుండా అమ్మమ్మ గుర్రం దాకా నడుస్తుందని.

ఎనెబిష్ విషయంలో కూడా అబద్ధం చెప్పను. ఇరవై ఒకటో రోజుకి అది మూడడుగులు వేస్తోంది. అంతకన్నా ఎక్కువ కాదు.

లారీకి సామాను ఎక్కిస్తున్నప్పుడు టీచర్‌ని అడిగాను. "తర్వాత ఎక్కడికి?"

"ఎగువ లోయకి. ఆపరేషన్ అయిన వంటావిడ కోలుకుంది, ఆవిడ వస్తోంది."

"అయితే వంటకి మనిషి ఉంది."

"ఉంది."

"పిల్లల దగ్గర మీకు తోడు కావాలి కదా. ఒంటరిగా ఉండను. మీరు చెప్పినట్టే చేస్తాను. ఎలా చేయాలో చూపించండి." ఆ మాటలు నా నోటినుంచి రావడం నేనే విన్నాను. టీచర్ వచ్చి టీ తాగి అడిగితే ఒప్పుకున్న మనిషిని, ఇప్పుడు నేనే అడుగుతున్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. లారీ చక్రం వైపు చూస్తూ నిలబడింది. తర్వాత, "మీ ఆయన్ని అడిగారా?" అంది.

గొంబోని అడిగితే గుర్రాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఈ ఏడు పాలెలాగూ పోయాయి," అన్నాడు. "అమ్మ, నేను కలిసి పితుకుతాం. పిల్లని తీసుకెళ్ళు. తిరిగొచ్చాక మాట్లాడుకుందాం." ఆ మాట ఒప్పుకోలు కాదు, కాదనడం కూడా కాదు. తిరిగి వచ్చాక మేము మాట్లాడుకున్న మాటలు తేలిగ్గా లేవు. అవి వేరే సంగతి.

ఎగువ లోయలో మొదటి రోజు తొమ్మిదిమంది వచ్చారు. ఎనెబిష్ ఎప్పటిలాగే మంచం చూసుకుని దాని పక్కన కూర్చుంది. అవతలి మంచం దగ్గర ఇంకో పిల్ల కూర్చుని ఉంది, దాని పేరు ఇంకా నేర్చుకోలేదు. బుగ్గ మీద ముడతపడిన పాత కాలిన మచ్చ. బొమ్మలు ముందున్నాయి. ఆ మచ్చ పిల్ల లేచి, రెండడుగులు వేసి, ఆగింది.

ఇదివరకటి నేనైతే, "రా తల్లీ, ఏం కాదు, రా," అని పిలిచేదాన్ని. పిలవలేదు. బొమ్మలూ తెచ్చివ్వలేదు. వెళ్ళి, ఆ పిల్ల ఆగిన చోటు దాటి, మంచం వైపున నేల మీద కూర్చున్నాను. అక్కణ్ణుంచి గుడారం ఎలా కనిపిస్తుందో చూశాను. పొయ్యి చాలా దగ్గరగా కనిపించింది. తలుపు చాలా దూరంగా కనిపించింది. నేనూ ఇక్కణ్ణుంచే పెరిగాను కదా, ఎలా మర్చిపోయాను?

పిల్ల నన్ను ఓరగా చూసింది. వచ్చి నా మోకాలికి మూరెడు దూరంలో కూర్చుంది. ఇద్దరం ఏమీ చేయకుండా కూర్చున్నాం.

వంటావిడ గిన్నెలు పరిచి కేకేసింది. "పగ్మా, పులుసు చల్లారిపోతోంది, పిల్లలకి చేతులు కడిగించు."

"కాసేపాగు వదినా," అన్నాను.